సైకిళ్ల లోడు వెనక

వెనక నుంచి ఆ మోపెడ్ హారన్ మళ్లీ మోగింది.

ఫరూఖ్ అద్దంలో చూశాడు. అదే ముసలాయన. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బయలుదేరినప్పటి నుంచీ వదలడం లేదు.

"ఏందీ లొల్లి? జాగా ఇస్తే సుత ముందుకు పోడు," అన్నాడు విసుగ్గా.

పక్కన కూర్చున్న హమాలీ దుర్గేష్ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

"తను పోకపోవుడే కాదు భాయ్, ఎన్క వచ్చేటోళ్లను సుత రానిస్తలేడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్నడు."

డీసీఎం వ్యాను నిండా పాత సైకిళ్లు. స్టేషన్ దగ్గరి సైకిల్ స్టాండు ఎత్తేస్తున్నారు. ఏళ్ల తరబడి ఎవరూ వచ్చి తీసుకెళ్లని వాటన్నిటినీ నేరేడ్‌మెట్ గోడౌన్‌కి చేర్చాలి. నిజానికి రెండు ట్రిప్పుల సరుకు. డీజిల్ దండగని కాంట్రాక్టర్ హరికిషన్ ఒక్క ట్రిప్పుకే ఎక్కించమన్నాడు. ఒక్క సైకిల్ తగ్గినా కిరాయిలో కోస్తానన్నాడు. పొద్దున్నుంచి ఎండలో ఆ తుప్పు ఇనుముని ఎత్తి ఎత్తి ఇద్దరి ఒళ్లూ హూనమైపోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా ఇప్పుడు ఈ మోపెడ్ ఒకటి.

"నాకు సమజైంది భాయ్," అన్నాడు దుర్గేష్. "సైకిల్ గిట్ట జారి పడితే ఎత్తుకపోదామని చూస్తున్నడు."

ఫరూఖ్ మళ్లీ అద్దంలోకి చూశాడు. పోయిన నెల ఇలాగే ఒక సైకిల్ మాయమైతే కిరాయి చేతికే రాలేదు.

లాలాగూడలో చాయ్ బండి దగ్గర బ్రేకు వేశాడు. వెనక మోపెడ్ కూడా ఆగింది.

"ఏం తాతా, మా ఎంబడి ఎందుకు పడ్డవ్?"

ముసలాయన చూపు లోడు మీదే ఉంది.

"తాడు వదులైంది బిడ్డా. జెర బిగించు."

"తాడు మంచిగనే ఉంది. ఎందుకొస్తున్నవో చెప్పు."

"ఊకెనే. నువ్వు మెల్లగ పో. నీ ఎన్క నేనొస్త."

"చూసినవా భాయ్? ఎందుకని అడిగితే దొంగకు తేలు కుట్టినట్టే ఉన్నడు!"

దుర్గేష్ మోపెడ్ తాళంచెవి లాగేసి, చాయ్ బండి విజయమ్మ చేతిలో పెట్టాడు.

"మేం పోయినంక ఇయ్యమ్మా."

విజయమ్మ ఏదో చెప్పబోయింది. వినే ఓపిక ఎవరికుంది?

"వద్దు బిడ్డా," ముసలాయన చేతులు జోడించాడు. "నీ కాల్మొక్త. నన్ను రానియ్యి."

ఫరూఖ్ మనసు కొంచెం మెత్తబడింది, తాడు ఒకసారి చూద్దామా అనుకున్నాడు. అయినా ఆ తాడు విప్పి మళ్లీ కట్టాలంటే ప్రాణం ఉసూరుమంది. ఎక్కి బండి తీశాడు.

అద్దంలో ముసలాయన పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"పిచ్చోడు," నవ్వాడు దుర్గేష్.

స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి పడింది. పైన ఏదో జారిన చప్పుడు. వెంటనే వెనక ఒక కేక.

ఫరూఖ్ దిగి చూసేసరికి రోడ్డు మీద రెండు సైకిళ్లు, వాటి కింద ఒక స్కూటీ, పక్కన ఒక కాలేజీ పిల్ల. కదలడం లేదు. అతను అక్కడే నిలబడిపోయాడు. యా అల్లా, ఏం చేశాను!

రొప్పుతూ వచ్చిన ముసలాయనే సైకిళ్లు పక్కకి లాగాడు. ఆటో ఆపాడు. పిల్లని జాగ్రత్తగా ఎక్కించి తనూ ఎక్కాడు.

"నీ ఫోన్ నంబరు చెప్పు బిడ్డా. దవాఖానకెల్లి చేస్త," అన్నాడు. ఫరూఖ్ నంబరు చెప్పాడు.

ఫోను వచ్చేదాకా ఫరూఖ్ రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు.

"పిల్లకు తెలివొచ్చింది. చెయ్యి విరిగింది, పానానికేం కాలే. నువ్వు పరేషాన్ కాకు."

ఫరూఖ్ భోరున ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, కాళ్లీడ్చుకుంటూ విజయమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఎవరమ్మా ఆయన?"

"పర్వతాలు. లోడు ఎక్కువున్న బండి కనబడితే చాలు, గిట్లనే ఎన్క పోతడు. ఎవ్వరినీ దగ్గరికి రానియ్యడు. పడితే నా మీదనే పడనీ అంటడు. చెబుదామంటే మీరు వింటిరా?"

"ఎందుకట్ల?"

"కొన్నేండ్ల కింద ఈ రోడ్డు మీదనే, సైకిళ్ల బండి మీదికెల్లి సైకిల్ పడి ఒక ఆడపిల్ల పానం పోయింది."

ఫరూఖ్ వెనక్కి తిరిగి తన బండి వైపు చూశాడు.

"ఆయన బిడ్డనా?"

విజయమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదయ్యా. ఆ బండి నడిపింది ఆయననే."