చెబితే వినని జీపు

ఆ రోజు చక్రాల ఇంట్లో ఉన్నది ముగ్గురు: చేతికి కట్టుతో నాయనమ్మ, పులిహోర కలుపుతున్న నాన్న వెంకటాద్రి, కిటికీ పక్కన నక్కి కూర్చున్న మేదిని. రాత్రి వాళ్ళు నిద్రపోతుంటే ఇల్లు తనంతట తానే దొనకొండ పాత విమానాశ్రయం మైదానానికి వచ్చి, బండ్ల జాతరలో ఖాళీ చూసుకుని ఆగింది. నాయనమ్మ పాత జీపును వెనక తగిలించుకొచ్చి అక్కడ దింపింది.

జాతర ఊరేగింపులోకి మనిషి చేత్తో తోలే బండినే రానిస్తారు. ప్రతి ఏడూ నాయనమ్మే తోలేది. ఈసారి ఆమె చెయ్యి లేవడం లేదు.

నాన్న ధైర్యంగా జీపెక్కి, "పద" అన్నాడు. కదల్లేదు. "మైదానం చుట్టూ ఒక్క రౌండు" అన్నాడు మర్యాదగా.

నాయనమ్మ పడీపడీ నవ్వింది. "చెబితే వినడానికి అదేమన్నా నీ ఇల్లంట్రా? దిగు. నా మనవరాలు తోలుద్ది."

"ఇదా? నలుగురిలో పేరడిగితేనే చెప్పదు గదమ్మా!"

"రెండు వేసవులు కోత అయిపోయిన చేలో నేర్పా. గేరు మార్చినట్టు నాకే తెలీదు, అంత మెత్తగా తోలుద్ది."

మేదిని చెవులు వేడెక్కాయి. అయినా వెళ్ళి కూర్చుని, క్లచ్ తొక్కి తాళం తిప్పింది. ఇంజను గర్జించగానే జనమంతా ఇటు తిరిగారు.

"నువ్వూ ఎక్కు నాయనమ్మా" అంది భయంగా.

"నేను పక్కనుంటే నేనే తోలించానంటారు. వాళ్ళు నిన్ను చూడాల" అంటూ నాయనమ్మ బాగున్న చేత్తో తలుపు ధడాలున వేసేసింది.