సూర్యతేజ శాంపిల్

"ఈ మనిషి ఇవాళో రేపో ఎవరో ఒకర్ని కొడతాడు," అంది డాక్టర్ శ్రీదుర్గ, రిపోర్టును టేబుల్ మీద ముందుకు తోస్తూ.

ఎదురుగా కూర్చున్న సూర్యతేజకు చెమటలు పట్టాయి. భీమవరం కబడ్డీ జట్టులో అతడు పట్టాడంటే విడిపించుకున్నవాడు లేడు. అలాంటివాడు కుర్చీలో ముడుచుకుపోయాడు.

ఆటగాళ్లు వాడే స్టెరాయిడ్లు, వాటితో పెరిగే కోపం. పన్నెండేళ్లుగా శ్రీదుర్గ పరిశోధన అదే. జట్టులో పద్నాలుగుమంది మూత్రం పరీక్షిస్తే పదమూడు శుభ్రంగా వచ్చాయి. మిగిలిన సీసా మీద సూర్యతేజ పేరుంది.

"ఎన్నాళ్లుగా పొడిపించుకుంటున్నావు ఇంజెక్షన్లు?"

"అమ్మతోడు, నాకేం తెలీదండి."

"అందరూ అదే అంటారు. ఈ మోతాదుకి ముందు నిద్ర పట్టదు. తర్వాత అన్నం కంచం ఎగురుతుంది. ఆ తర్వాత చెయ్యి లేస్తుంది, అదీ ఇంట్లోవాళ్ల మీదే. మీ ఆవిడకి ఎన్నో నెల?"

"ఏడండి."

బయట కారు హారన్ ఆగకుండా మోగింది. శ్రీదుర్గ భర్త జగన్నాథరాజు వచ్చాడు. జట్టును పోషించేది ఆయనే, ఈ పరీక్షలకు ఆటగాళ్లను ఒప్పించిందీ ఆయనే. రొయ్యల చెరువులకు వైరస్ సోకినప్పటినుంచి పాపం, ఆయనకు ఐదు నిమిషాలు ఆగే ఓపిక ఉండటం లేదు. శ్రీదుర్గ కిటికీలోంచి వస్తున్నానన్నట్టు చెయ్యి ఊపింది.

పోయిన ఏడాది ఇలాంటి రిపోర్టే చేతికొస్తే, చెప్పడానికి మొహమాటపడి వారం ఆగింది. ఆ వారంలోనే ఒక ఇల్లాలు ఆసుపత్రి పాలైంది. ఆ పాపం ఇంకా శ్రీదుర్గను తినేస్తోంది. ఈసారి ఒక్క పూట కూడా ఆగదలుచుకోలేదు.

"మీ ఆవిణ్ణి ఇప్పుడే పాలకొల్లు పుట్టింటికి పంపెయ్. జట్టులోంచి నీ పేరు తీసెయ్యమని నేనే రాస్తాను."

సూర్యతేజ లేచి రెండు చేతులూ జోడించాడు.

"నోటికాడ కూడు తీసెయ్యకండి మేడమ్. నిజం చెప్పేస్తాను. ముందురోజు కల్లు తాగానండి. పరీక్షలో అది దొరికిపోద్దని హడలిపోయి, ఏ అలవాటూ లేని పెద్దమనిషిని బతిమాలి సీసా నింపించుకున్నాను. పరీక్ష దేనికో మీరెవరికీ చెప్పలేదు కదండి, ఆయనా కల్లు కోసమే అనుకున్నారండి."

శ్రీదుర్గకు ఒళ్లు మండిపోయింది. "ఎవరా పెద్దమనిషి? ముందు వాళ్లింట్లో ఆడవాళ్లని జాగ్రత్తపడమని చెప్పాలి!"

మెట్ల మీద ఎవరో విసవిసా వస్తున్న చప్పుడు. సూర్యతేజ గొంతు తగ్గించాడు.

"మీవారేనండి."