అక్కకు కాపలా

దావీదురాజుకు ఒళ్లు మండిపోతోంది. మూడు రోజులుగా అక్క వాణ్ని గడప దాటనివ్వలేదు.

ఇద్దరూ అనంతపురం కాలేజీలో ఇంటర్ పరీక్ష రాశారు. మద్రాసు పేపర్లో ఫలితాలు పడ్డాయని తెలిసి అక్క కృపమణి ఒక్కతే ఓర్వకల్లు పోయి, ఆనందం మాస్టరు ఇంట్లో చూసి వచ్చింది. వస్తూనే కూలబడింది.

"ఇద్దరమూ తప్పినామురా. నాకింక బతకాలని లేదు."

తల్లి రాహేలమ్మ లబోదిబోమంది. కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఆడపిల్ల నాయనా, మనసు లేతది. ఒక్క నిముసం గూడా ఇడిసిపెట్టాకు. నీకేముండాదిలే, మగోడివి. మళ్లా రాస్తావు."

నీకేముండాదిలే! వాడు మాత్రం తప్పలేదా? ఇంటికొచ్చిన వాళ్లంతా అక్కను ఓదార్చి, వీడి వీపు తట్టి పోయారు. వీడికీ బతకాలని లేదు. ఆ మాట అనడానికి మగవాడికి నోరు రావాలిగా! ఎవరికీ చెప్పకుండా ఎటైనా పోవాలి, మళ్లీ రాకూడదు. అంతే అనుకున్నాడు.

పోనిస్తే కదా! లేస్తే చాలు, "యాడికి పోతాండావు? నాకు భయమేస్తాంది, ఈడనే కూచో" అంటుంది. వాడు తింటేనే తను ముద్ద ముడుతుంది. వాడు మాట్లాడకపోతే గోడకు తిరిగి ఏడుస్తుంది. తను పోతే ఈ పిచ్చిది ఏ అఘాయిత్యం చేస్తుందోనని బెంగ ఒకటి. చావడానికి కూడా తీరిక లేదంటారే, అచ్చం అదే అయింది వాడి పని. ఇదేం పీడరా దేవుడా అని పళ్లు నూరుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున ఇక పట్టలేకపోయాడు.

"నువ్వొక్కదానివే తప్పినావా? నాకు మాత్రం బతకాలని ఉండాదా?" అని అరిచాడు. అరుస్తూనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

కృపమణి వాడి తల ఒళ్లోకి తీసుకుంది. "చెప్పురా. అంతా చెప్పు" అంది.

మధ్యాహ్నం దాకా చెప్పాడు. రాహేలమ్మ పొయ్యి వదిలేసి వచ్చి కొడుకు పక్కనే కూర్చుండిపోయింది.

సాయంత్రం ఆనందం మాస్టరు వచ్చాడు. కర్నూలు పోయి అప్పుడే తిరిగొచ్చాడట. దావీదురాజు మొహం కడుక్కొని వాకిట్లోకి ఎదురుపోయాడు.

"సార్, తప్పినందుకు అక్కను ఏమీ అనాకండి. శానా దిగులుగా ఉండాది."

మాస్టరు తెల్లబోయాడు.

"అదేందప్పా, ఆ పిల్ల తన నంబరు మొదటి తరగతిలో చూసుకొని గూడా నవ్వకుండా, నీ నంబరు కోసం నాలుగుసార్లు వెదికి ఏడుస్తా పోయిందే!"