రెండో కాలు

"ఆ కాలు నేల మీంచి తీయమ్మా," అన్నాడు నిత్యానందం, కూతురి సైకిల్ సీటు పట్టుకుని.

"తీస్తే పడతా నాయనా!"

మార్కాపురం దగ్గర పాడుబడ్డ పలకల గని వాలు మీద, సగం దారిలో రూబీ ఇరుక్కుపోయింది. కుడికాలు పెడలు మీద, ఎడమకాలు జారిపోయే పలకరాతి ముక్కల మీద. ఎల్లుండే కొండ సైకిల్ పోటీల సెలక్షన్. కోచ్ చెప్పిందంతా నోటికి వచ్చు. దిగేటప్పుడు పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచాలి, మడమలు కిందికి దించి లేచి నిలబడాలి. కానీ నేల మీది కాలు మాట వినడం లేదు.

"సీటు వదలొద్దు నాయనా. నువ్వు పట్టుకున్నావనే నిలబడినా."

నిత్యానందం సీటును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నేను నిన్ను పట్టుకోలేదమ్మా. గనిలో దెబ్బ తిన్న మోకాలు ఇందాకే మడత పడింది. నీ సీటు పట్టుకొనే నేను నిలబడినా."

రూబీ వెనక్కి చూసింది. తండ్రి పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఇంతసేపూ ఇద్దరినీ ఆపింది బ్రేకుల మీద ఉన్న తన చేతులే.

"మెల్లగా కూర్చో నాయనా. కిందికి పోయి మనిషిని పిలుచుకొస్తా."

ఆయన కూలబడ్డాడు. రూబీ ఎడమకాలు ఎత్తి పెడలు మీద పెట్టింది. రెండు పాదాలూ సమానం చేసి, లేచి నిలబడి, బ్రేకు వదులు చేసింది. సైకిల్ గడగడలాడుతూ వాలు దిగింది.

కింద గొర్రెలు మేపుతున్న పిచ్చయ్య నోరు తెరిచి చూస్తున్నాడు.

"మామా, మా నాయన పైన చిక్కుకున్నాడు, రా!"

"వస్తా గానీ, ఆ వాలు ఎట్ల దిగినావు పాపా?"

రూబీ అప్పటికే పైకి ఎక్కుతోంది. పడకుండా దిగానన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది.