తట్టెడు బూడిద

విరిగిన ఆటో ఇరుసుకు వేసిన, ఎర్రగా కాలుతున్న వెల్డింగు అతుకు మీద తట్టెడు బూడిద వచ్చి పడింది.

వెల్డరు ముఖానికి అడ్డుపెట్టుకున్న అద్దం దించి చూశాడు. మళ్లీ ఆ ముసలామే.

"నీకేం పోయేకాలం? రోజూ ఇదే గోల."

"నీళ్లు పొయ్యొద్దు నాయనా. బూడిదలోనే ఉండనీ. దానంతటదే చల్లారాలి."

"ఎప్పటికి?"

"రేపటికి."

ఇరుసు కోసం కాచుకుని ఉన్న ఆటో అతను నెత్తి కొట్టుకున్నాడు. "బడి వదిలే వేళయింది. పిల్లలంతా గేటు దగ్గరే ఉంటారు. మీ పాప కూడా."

"విన్నావా ముసలీ? నా కూతుర్ని నువ్వు మోసుకొస్తావా?"

"మోసుకొస్తా."

అందరూ నవ్వారు.

వెల్డరు పట్టకారుతో ఇరుసును బూడిదలోంచి లాగాడు. "ఏమే, నీళ్లు."

చంకలో చంటివాడితో భార్య చెంబు పట్టుకొచ్చింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వైనా విను తల్లీ."

"పాప ఎండలో నిలబడుతుంది, వదులవ్వా."

చుయ్‌మని ఆవిరి లేచింది.

వెల్డరు అతుకు మీద ఆకురాయితో గీశాడు. గీత పడలేదు.

"చూశావా, ఎంత గట్టిపడిందో."

"అదే నా భయం నాయనా."

"గట్టిదాన్ని చూసి భయపడేదాన్ని నిన్నే చూశా. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకు."

ముసలామె తట్ట అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఇరుసు బిగించారు. ఆటో బయల్దేరింది. భార్య పాపకు అన్నం కలిపి గుమ్మంలో కూర్చుంది.

పాప రాలేదు. కబురు వచ్చింది.

మలుపు దగ్గర గుంటలో పడగానే ఇరుసు పుటుక్కుమంది. సరిగ్గా ఆ గట్టిపడిన అతుకు దగ్గరే, గాజుకడ్డీ విరిగినట్టు. మిగతా పిల్లలు దెబ్బలతో బయటపడ్డారు.

అన్నీ అయిపోయాక వెల్డరు షెడ్డు తెరవలేదు. భార్య ఆ తట్ట పట్టుకుని ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్లింది.

"అన్నా, ఆ అవ్వ ఏది?"

"కబురు విని ఇక్కడే కూలబడిందమ్మా. తర్వాత లేచి ఎటో వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు."

"విరుగుతుందని ఆమెకెలా తెలుసు?"

టీకొట్టతను పొయ్యిలో బూడిద కదిపాడు.

"మీకంటే ముందు ఆ షెడ్డు వాళ్లాయనదేనమ్మా. అప్పుడూ ఇలాగే తొందర. చెంబు అందించింది ఆవిడే, ఆ బండెక్కింది వాళ్ల పాపే."