ఇంటాయన పేరు

"మీ ఆయన పేరు చెప్పండమ్మా," అన్నాడు డాక్టరు.

ప్రసూనాంబ తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకుంది.

అచ్చయ్యకి ఒళ్లు మండింది. జగ్గయ్యపేటలో కొట్టు కట్టేసి, నందిగామ వచ్చి, ఈ మతిమరుపు క్లినిక్కులో పొద్దుటి నుంచి పడిగాపులు పడింది ఇందుకా?

"డాక్టరు బాబూ, మా ఆడాళ్లు మొగుడి పేరు పలకరండీ. కాపరానికొచ్చిన కాణ్నించీ ఈవిడ నోట ఆ పేరు రాలేదు. వేదాద్రిలో అర్చన చేయిస్తే గోత్రం దాకా తనే చెబుద్ది. పేరు దగ్గరకొచ్చేసరికి మోచేత్తో ఒక్క పోటు పొడుసుద్ది. దానికి మీరు మార్కులు కోస్తే ఎట్టా?"

"నాన్నా, ఆయన్ని అడగనియ్," అంది కూతురు కృష్ణప్రియ.

"నువ్వూరుకో. ఇదంతా నీ చలవే. పాలు పొంగబెట్టిందంట, పోపు మాడ్చిందంట! ఎవరింట్లో పొంగవే పాలు?"

"పాలేనా? చిల్లకల్లు కాడ హైవే మీద ఒక్కతే నడుస్తుంటే ఆటో అతను ఎక్కించుకొచ్చాడు. అదో?"

"దోవ తప్పింది. నువ్వెప్పుడూ తప్పలేదూ?"

అసలు రోగమేంటో అచ్చయ్యకి తెలుసు. అలక. హైవే సంగతి తెలిసి ఆయన నాలుగు కేకలేశాడు. అప్పటి నుంచీ ఆవిడ తీరే మారిపోయింది. వడ్డించి తలుపు చాటుకి పోతుంది. పడక దేవుడి గదిలోకి మార్చింది. ఇవాళ కారులో కూడా ఆయన పక్కన కూర్చోకుండా కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టింది. పైగా వెటకారంగా ఎక్కడలేని మర్యాద ఒకటి, "మంచినీళ్లు పుచ్చుకుంటారాండీ?" అని. మొగుడి మీద అలిగిన ఆడది అట్లాగే ఉంటుంది. బజార్లో ఓ పట్టుచీర కొంటే తీరే జబ్బుకి ఇంత డాక్టరెందుకు?

"ఇవాళ ఏ వారమమ్మా?" డాక్టరు మళ్లీ మొదలుపెట్టాడు.

"వండి వార్చేదానికి ఏ వారమైతే ఏముంది బాబూ? అన్ని వారాలూ ఆకలేసుద్ది," అంది ప్రసూనాంబ.

అచ్చయ్య కుర్చీ చెయ్యి మీద చరిచాడు. "చూశారా! మతి లేని మనిషి మాటాండీ ఇది?"

డాక్టరు నవ్వలేదు. "ఇప్పుడు మనం ఏ ఊళ్లో ఉన్నాం?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "పేటేగా?"

"కారులో కునుకు తీసిందండీ. ఊరు ఎట్టా తెలుసుద్ది?" అచ్చయ్య అడ్డం పడ్డాడు.

"మీరు కాస్త ఆగండి," అన్నాడు డాక్టరు విసుగ్గా. ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పరీక్ష కోసమేనమ్మా. తప్పేం లేదు. మీ ఆయన పేరు ఒక్కసారి చెప్పండి."

ఆవిడ మళ్లీ కొంగు వేలికి చుట్టుకోసాగింది. అచ్చయ్య కోపం కాస్తా బతిమాలుడులోకి దిగింది. ఈ ఒక్కటీ చెప్పిందంటే ఆవిడ మతికి ఢోకా లేదని అందరి నోళ్లూ మూతపడతాయి.

"చెప్పవే, నీకు పుణ్యముంటుంది! ఒక్కసారికి ఆచారమేం మునిగిపోదు. చెప్పేసెయ్, ఇంటికి పోదాం."

ప్రసూనాంబ మొహం ఎర్రబడింది. కొత్త పెళ్లికూతురిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్చయ్య గారండీ," అంది మెల్లగా. "జగ్గయ్యపేటలో పప్పుల కొట్టు."

కృష్ణప్రియ కళ్లు తుడుచుకుంది. డాక్టరు తలూపాడు. అచ్చయ్యకి ఏనుగెక్కినంత సంబరమైంది.

"ఇక చాలుగా అందరికీ? లేవవే, పోదాం," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు.

ప్రసూనాంబ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, ఒద్దికగా అంది: "మీకు దణ్ణం పెడతా అన్నయ్యగారూ, నేనిట్టా పేరెట్టి చెప్పానని మా ఆయనతో మాత్రం అనమాకండి."