నాలుగో పట్టిక

మూడో పత్రిక కూడా పేపరును తిప్పిపంపింది.

నెలాఖరుకు నాగలత పీహెచ్‌డీ గడువు ముగుస్తుంది. ఆలోపు ఒక్క పరిశోధన పత్రమైనా అచ్చుకు తీసుకున్నారని చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లు. సొంతూరు ఆదోని చుట్టుపక్కల నూట నలభై బోర్లు. ఎండలో తిరిగి, సీసాల్లో పట్టి తెచ్చి, ఫ్లోరైడు ఎంతుందో తేల్చిన నీళ్లు. అన్నీ ఇసుకలో పోసినట్టే.

కారణం మళ్లీ అదే. ఇంగ్లీషు.

"నా ఇంగ్లీషు చదవడమే ఒక శిక్షంట. పుట్టుకతో ఆ భాష మాట్లాడేటోళ్ల చేత దిద్దించుకొని రావాలంట." ఉత్తరాన్ని బల్లకేసి కొట్టింది నాగలత. "వాళ్లను యాడ తెచ్చేదప్పా కర్నూల్లో?"

"కొండారెడ్డి బురుజు కాడ అప్పుడప్పుడు ఫొటోలు తీసుకుంటా కనపడతారక్కా. అడిగేదా?" అన్నాడు ల్యాబ్‌లో జూనియర్ ఉరుకుందు.

ఆమె నవ్వలేదు. చదివింది తెలుగు మీడియం. మొదటిసారి పేపరు సొంతంగా రాసింది. వాక్యానికి మూడుసార్లు నిఘంటువు తిరగేసింది. రెండోసారి ఇంగ్లీషు లెక్చరర్ మహిమ మేడమ్‌ను బతిమాలి కామాలతో సహా దిద్దించింది. మూడోసారి ఏఐ చేత మొత్తం తిరగరాయించింది. మనిషి రాసినా అదే తిట్టు. మిషను రాసినా అదే తిట్టు.

ఆ తిట్టులోని ఇంగ్లీషు మాత్రం ఎంత నునుపుగా ఉంది! నూనె రాసిన కత్తిలా దిగుతోంది. అలాంటి వాక్యం ఒక్కటి తన చేత రాయించమని మహానందికి వెళ్లి మొక్కుకుందామా అనిపించింది.

ఉత్తరం తీసి చదువుతున్న ఉరుకుందు ఉన్నట్టుండి ఆగాడు.

"అక్కా, నీ పేపర్లో టేబుళ్లు ఎన్ని?"

"మూడు."

"నాలుగో టేబుల్లో కొలతలు సరిగా లేవంటాండాడే. నాలుగోది యాడుండాది?"

నాగలత కాగితం లాక్కుని చూసింది. నిజమే.

మొదటి రెండు ఉత్తరాలూ గైడు మెయిల్‌కే వచ్చాయి. 'ఇంగ్లీషు బాగలేదంటమ్మా' అని ఆయన నోటిమాటగా చెప్పి వదిలేశారు. ఆమె అప్పటికప్పుడు ఆయన గదికి పరుగెత్తి ఆ రెండింటినీ తీయించింది. మూడూ పక్కపక్కన పరిచింది.

మూడు పత్రికలు. మూడు రకాల ఇంగ్లీషు. ఒకటే ఉత్తరం. లేని నాలుగో పట్టికతో సహా అక్షరం తేడా లేదు.

"చదవకుండానే తిట్టినాడు సార్! ఎవురు వీడు?"

పేపరు చదివి తీర్పు చెప్పే నిపుణుడి పేరు ఏ పత్రికా బయటపెట్టదు. గైడు తలుపు వైపు ఒకసారి చూశారు.

"నాకూ తెలీదమ్మా. కానీ సీమ బోరునీళ్ల మీద పేపరంటే ఎవురైనా ఎవురికి పంపుతారు? కడప శ్రీనివాసులు సారుకే. ఆ రిపోర్టు తప్పని తేలితే నీ గడువు పెంచుతారు. ఊరికే పోరాడితే పెంచరు."

మర్నాడు పొద్దున్నే కడప బస్సెక్కింది. ఎమ్మెస్సీ చదివిన ఊరే. ఆ రోజుల్లో సీనియర్లు ఏ పని చెబితే అది చేసిపెట్టేది. శ్రీనివాసులు సారును మాత్రం దూరం నుంచి చూడటమే కానీ ఎదురుపడి మాట్లాడింది లేదు.

ఆయన గది నిండా శాలువాలు, జ్ఞాపికలు. కూర్చోమనేదాకా కూడా ఆగకుండా ఆమె మూడు ఉత్తరాలూ ఆయన ముందు పెట్టింది.

"కర్నూలు నుంచి వచ్చినా సార్. ఇవి మీరు పంపినవే కదా?"

శ్రీనివాసులు కళ్లజోడు సవరించుకుని చూశారు. దాచలేదు.

"నెలకు ఇరవై పేపర్లు వస్తాండాయమ్మా. అన్నీ యాడ చదివేది? రిపోర్టు ఒకటి పెట్టుకున్నా. అందరికీ అదే."

"మా ఇంగ్లీషు ఎట్లుండాదో కూడా చూడకుండానా?"

"ఇంగ్లీషు బాగలేదంటే మనోళ్లు ఎవురూ ఎదురు చెప్పరమ్మా. లోపల అందరికీ ఆ అనుమానం ఉండనే ఉంటాది."

చెంప మీద కొట్టినట్టయింది. తనూ ఎదురు చెప్పలేదు. మూడుసార్లూ తలొంచుకుని మళ్లీ రాసింది.

"మరి నాలుగో టేబులు?"

"శానా పేపర్లకు ఉంటాది లేమ్మా."

నాగలత ఫోన్ తీసింది. బస్సులోనే టైపు చేసుకున్న ఫిర్యాదు చూపించింది. "మూడు పత్రికలకూ, యూనివర్సిటీకీ పంపుతాండా సార్. మీ పేరుతోనే."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

"ఆగమ్మా, ఆగు. ఆ రాత నాది కాదు. నా పేపర్లకు ఫారిన్ నుంచి వచ్చిన రిపోర్టులు నాలుగు శానా ఏళ్ల కిందట మా స్కాలరుకిచ్చి, వీటిని చూసి ఒకటి తయారు చెయ్యమన్నా. వాడు తన పని ఎవురో పిల్లకు అంటగట్టినాడు. ఆ పిల్ల తలా ఒక ముక్క తీసి బొంత కుట్టినట్టు కుట్టిచ్చింది. నేను పంపినానంతే."

"ఆ బొంత కింద ఎంతమంది ఊపిరాడక చచ్చినారో తెలుసా సార్?" ఆమె ఫోన్‌ను ఆయన బల్ల మీద పెట్టింది. "రిపోర్టు తప్పని మీరే రాయండి. ఇప్పుడే, నా ఎదురుగా. అది ఎవురు రాసిందో పేరుతో సహా రాయండి. ఆ మనిషిని మాత్రం నేను వదల్ను."

శ్రీనివాసులుకు కావలసిందీ అదే. నింద ఇంకొకరి మీదికి పోతోంది. గబగబా మెయిలు టైపు చేశారు. మూడు పత్రికలూ, యూనివర్సిటీ, అన్ని చిరునామాలూ పెట్టారు. పేరు కోసం పాత ఫైలు తెరిచారు.

"ఉండాది, ఉండాది. మావాడు అడుగున రాసే పెట్టినాడు."

కళ్లు చికిలించి, ఒక్కో అక్షరమే మెయిలులోకి కొడుతూ, పైకే చదివారు.

"కె. నాగలత, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, ఆదోని."